పక్కింటికీ మనింటికీ మధ్య ఖాళీ: మంట సంగతి చూస్తే ఎంత వదలాలి? (విజయనగరం, 3 సెంట్ల స్థలం)

దాసన్నపేట కొత్తిల్లు

అందరికీ నమస్కారం. విజయనగరంలో మాకు మూడు సెంట్ల స్థలం ఉంది. ముఖం 27 అడుగులు, లోతు 48. కింద ఒకటి, పైన ఒకటి వేద్దామని అనుకుంటున్నాం. దక్షిణం పక్కింటాయన హద్దు దాకా కట్టేసి చాలా ఏళ్లయింది. ఆ గోడకు మా స్థలం వైపే రెండు కిటికీలు, ఒక వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నాయి. పైన రేకుల చూరు మా హద్దు మీదకి జానెడు వచ్చింది.

మా మేస్త్రీ "మీరూ హద్దు దాకా కట్టేయండి సార్, వీధిలో ఎవరు వదిలారు గనక" అంటున్నాడు. మొన్న వేసవిలో మా వెనక వీధిలో ఒకింట్లో మంట లేస్తే పక్కింటి కిటికీ పరదా అంటుకుంది. అప్పట్నుంచి మా ఆవిడకి ఇదే టెన్షన్. నిబంధన ఏం చెప్తుందన్నది ఒక ప్రశ్న. నిబంధన ప్రకారం వదిలిన ఆ కాస్త ఖాళీ మంటను నిజంగా ఆపుతుందా అన్నది అసలు ప్రశ్న. తెలిసినవాళ్లు చెప్పండి.

గీతల మాస్టారు

3 సెంట్లంటే 145 గజాలు, చదరపు మీటర్లలో సుమారు 121. ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు 2017 (జీవో 119) పట్టికలో మీరు 100 నుంచి 200 చదరపు మీటర్ల వరుసలో పడతారు. ఎత్తు 10 మీటర్ల లోపైతే ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు పక్కలా 1 మీటరు వదలాలి. మీ ముందు రోడ్డు బాగా వెడల్పుంటే ముందు వదిలేది ఇంకా పెరుగుతుంది. జీవోకి తర్వాత సవరణలు వస్తూనే ఉన్నాయి. ప్లాన్ ఆన్‌లైన్‌లో పెట్టే ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ దగ్గర తాజా పట్టిక చూసుకోండి.

మీ అసలు ప్రశ్నకి వస్తే, అదే పట్టికలో 50 చదరపు మీటర్ల లోపు స్థలాలకి పక్కలు వదలమని అడగరు. స్థలం పెరిగేకొద్దీ, ఎత్తు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. గాలి, వెలుతురు, మురుగు కాలవ, మంట అన్నిటికీ కలిపి ఒకే అంకె పెట్టారన్నమాట. మంట ఎంత దూరం దూకుతుందో లెక్కగట్టి రాసిన పట్టిక కాదది. చిన్న స్థలంలో ఇల్లు కట్టినంత మాత్రాన మంట చిన్నదిగా రాదు కదా.

ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) మీకు అక్కర్లేదు. నివాస భవనాలకి 18 మీటర్ల ఎత్తు నుంచి, వాణిజ్య భవనాలకి 15 మీటర్ల నుంచి అది కావాలి. స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్ల లాంటివాటికి 500 చదరపు మీటర్ల స్థలం గానీ 6 మీటర్ల ఎత్తు గానీ దాటితే తప్పదు. మీ మూడు సెంట్ల ఇంటిని మంట కోణంలో చూసే ఆఫీసరు ఎవరూ రారు. గీసేవాడూ కట్టించుకునేవాడూ చూసుకోవాలి, అంతే.

తాపీ బ్రదర్

మాస్టారూ, పుస్తకం బాగానే ఉంది. 27 అడుగుల్లో రెండు పక్కలా మీటరు అంటే ఆరున్నర అడుగులు పోయాయి, మిగిలింది ఇరవైన్నర. అందులో గోడల మందం తీసేయండి, మెట్లు తీసేయండి. మిగిలినదాంట్లో హాలు, రెండు బెడ్‌రూములు ఇమ్మంటారు. మేం ఎక్కణ్ణుంచి తేవాలి?

ఇంకో మాట. మీటరు వదిలినవాళ్లు ఆ మీటరుతో ఏటి చేస్తున్నారో చూశారా? గృహప్రవేశం అయిన ఏడాదికి ఆ సందు మీద ఫైబర్ రేకు, దాని కింద వాషింగ్ మిషన్, పాత మంచం, గ్యాస్ బండ. దానికన్నా గోడకి గోడ ఆనించి తొమ్మిదంగుళాల ఇటుకతో గట్టిగా లేపేస్తే నయం. మా ఊళ్లో పాతకాలం వీధులన్నీ అలాగే ఉండేవి. ఎన్ని తరాలు నిలిచాయి!

కోటగుమ్మం

తాపీ అన్న వాషింగ్ మిషన్ మర్చిపోకుండా చెప్పాడు, ఇన్వర్టర్ బ్యాటరీ మర్చిపోయాడు 😀

ఉద్దానం ఆడపడుచు

ఆ వరస ఇళ్ల సంగతి నేను చెప్తాను తాపీ అన్నా. మాది వజ్రపుకొత్తూరు వైపు. మా అమ్మమ్మగారి వీధిలో ఇటు పదిళ్లు, అటు పదిళ్లు, ఇంటికీ ఇంటికీ ఒకటే ఉమ్మడి గోడ. ముందు అరుగు, లోపల నడవ, వెనక పెరడు. గోడ మూరెడు మందం ఉండేది. కింద నిలబడి చూస్తే ఈ గోడని ఏ మంట దాటుతుంది అనిపిస్తుంది.

కానీ అటక ఎక్కి చూడాలి. గోడ అటక ఎత్తు దాకా వచ్చి ఆగిపోతుంది. దూలాలూ వాసాలూ ఆ గోడ తల మీదుగా ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి పోతాయి. పెంకు కింద మనిషి పాక్కుంటూ వెళ్లేంత జాగా ఉంటుంది. మా ఇంటి పిల్లి మా అటక ఎక్కి నాలుగో ఇంట్లో దిగేది. పిల్లికి దొరికిన దారి మంటకి దొరకదా?

అది చాలదన్నట్టు పాత పిడకలు, ఎండు కొబ్బరి మట్టలు, తాటాకులు, విత్తనాల గోనెలు కూడా అటక మీదే పెడతారు. గోడ మందం చూసి ధైర్యంగా ఉండటమే గానీ, పైన వీధి వీధంతా ఒకే ఇల్లు.

తాపీ బ్రదర్

అమ్మా, ఆ మాట నిజమే. ఇప్పుడు స్లాబు వేస్తున్నాం కదా మరి, అటక గొడవ లేదు.

అగ్గి డ్యూటీ (రిటైర్డ్)

ఈ చర్చ చదువుతుంటే ఉండబట్టలేక రాస్తున్నా. అగ్నిమాపక శాఖలో చేసి దిగినవాణ్ణి. ఏ స్టేషనో చెప్పను.

మంట పక్కింటికి మూడు రకాలుగా పోతుంది. నాలిక నేరుగా తగలడం ఒకటి. తగలకుండానే వేడి కొట్టి అంటించడం రెండోది. నిప్పురవ్వలు ఎగిరి పడటం మూడోది. జనం మొదటిదాన్నే చూస్తారు. పట్నం ఇళ్లలో ఎక్కువ దెబ్బ కొట్టేది రెండోది, పల్లెల్లో మూడోది.

గదిలో మంట బాగా రాజుకున్నాక కిటికీ అద్దాలు పగులుతాయి. అప్పుడు ఆ కిటికీలోంచి నాలిక బయటికి వచ్చి పైకి తిరుగుతుంది. మీటరు దూరం దానికి ఒక లెక్క కాదు. ఎదురుగా మీ కిటికీ ఉందనుకోండి, మీ అద్దం కూడా చిట్లుతుంది. దాని వెనకున్న పరదా, పరుపు అంటుకుంటాయి. కొత్తిల్లు బాబూ, మీ వెనక వీధిలో పరదా కాలింది అలాగే అయ్యుంటుంది. అదే చోట కిటికీ లేని ఇటుక గోడ ఉందనుకోండి. ప్లాస్టరు పెచ్చులు రాలుతుంది, నల్లబడుతుంది, గంటల తరబడి అలాగే నిలబడుతుంది. అందుకే నన్నడిగితే "ఎంత ఖాళీ" తర్వాత ప్రశ్న. "ఎదురెదురుగా ఏం కన్నాలు ఉన్నాయి" అన్నది ముందు ప్రశ్న.

అలాగని ఖాళీ వద్దనట్లేదు తాపీ బాబూ. ఖాళీ మాకు కావాలి. బండి వీధి మొదట్లో ఆగిపోతే హోస్ పరుచుకుంటూ వెళ్తాం. గాలి సిలిండరు వీపున వేసుకుని బ్రాంచి (హోస్ చివర నీళ్లు చిమ్మే గొట్టం) పట్టుకున్న మనిషి మీటరు సందులో పక్కవాటుగా దూరగలడు. రెండడుగుల సందులో దూరలేడు. సందులో మీరు చెప్పిన పాత మంచం ఉంటే మీటరు వదిలినా దూరలేడు.

ఇంకొకటి చెప్తాను. మా మీద జనం తిట్టే తిట్టు ఒకటుంది: "కాలుతున్న ఇంటి మీద కొట్టకుండా బాగున్న ఇంటి గోడ మీద నీళ్లు కొడతారేంట్రా!" బండిలో మామూలుగా 4,500 లీటర్లు ఉంటాయి. రెండు బ్రాంచిలు తెరిస్తే నిమిషాల్లో అయిపోతాయి. పూర్తిగా రాజుకున్న గది ఎలాగూ పోయింది. ఆ నీళ్లతో పక్క గోడ, పక్క కిటికీలు, చూరు తడిపి చల్లార్చి ఉంచితే రెండో ఇల్లు మిగులుతుంది. అప్పుడు మాకు అడ్డం పడేది ఆ జానెడు చూరే. దాని కింద వాసాలు, తేనెపట్లు, కట్టిన ఫ్లెక్సీలు. నీళ్లు పైన కొడితే జారిపోతాయి, మంట కింద నడుస్తుంది.

రాజాం టు బర్మింగ్‌హామ్

గురువుగారూ, దండం. మీరు చెప్పిన "కన్నాలు" మాట మీదే ఇక్కడి నిబంధన అంతా నిలబడింది. నేనిక్కడ భవనాల డిజైన్ ఆఫీసులో పనిచేస్తాను.

ఇంగ్లండ్‌లో "పక్కింటికి ఎంత దూరం" అని అడగరు, "హద్దుకి ఎంత దూరం" అని అడుగుతారు. పక్క స్థలం ఖాళీగా ఉన్నా సరే, మీ ఇంటిలాంటిదే మరొకటి హద్దుకి అటు పక్క అంతే దూరంలో ఉందనుకుని లెక్క వేయాలి. దాంతో ముందు కట్టినవాడు ఖాళీ మింగేసి వెనక కట్టేవాడి నెత్తిన రుద్దడం కుదరదు. ఎవరి సగం వాళ్లదే. మన దగ్గర గొడవంతా ఇక్కడే కదా.

ఆ లెక్క ఎలా ఉంటుందంటే, ఎదుటి గోడ మీద పడే వేడి చదరపు మీటరుకు 12.6 కిలోవాట్లు దాటకూడదు. నడినెత్తిన ఎండ సుమారు 1 కిలోవాటు, పోల్చుకోండి. అంత వేడిలో ఒక రవ్వ తోడైతే చెక్క అంటుకుంటుంది. కిటికీలు పెద్దవైతే వేడి ఎక్కువ చిమ్ముతుంది, ఎక్కువ దూరం జరగాలి. కిటికీలు తగ్గిస్తే దగ్గరికి రావచ్చు. హద్దుకి 1 మీటరు లోపున్న గోడకైతే బాగా చిన్న కన్నాలు తప్ప పెట్టనివ్వరు. ఆ గోడ లోపలి మంటకీ బయటి మంటకీ కూడా నిలవాలి.

అమెరికా ఇళ్ల నమూనా కోడ్ కూడా ఇలాంటిదే. హద్దుకి 5 అడుగుల లోపు గోడ గంటసేపు మంటకి తట్టుకోవాలి. 3 అడుగుల లోపైతే అసలు కిటికీ వద్దు. 3 నుంచి 5 మధ్యలో గోడలో నాలుగో వంతు మించకూడదు. కొత్తిల్లుగారూ, మీ మీటరు 3 అడుగుల 3 అంగుళాలు. అంటే కిటికీలు బాగా తగ్గించాల్సిన జాగాలోనే మీరున్నారు.

ఆడపడుచుగారు చెప్పిన అటక దారికి కూడా ఇక్కడ పాత మందుంది. 1666లో లండన్ తగలబడ్డాక 1667 చట్టంలో ఇళ్లు ఇటుకతో, రాతితో కట్టాలన్నారు, ఉమ్మడి గోడల మందం కూడా చెప్పారు. ఇప్పటి ఇంగ్లండ్ నియమాల్లో ఉమ్మడి గోడని కప్పు అడుగు దాకా తీసుకెళ్లి ఖాళీ లేకుండా మూయాలి. ఆ చోట కప్పు అంటుకునే సరుకైతే గోడని కప్పు దాటించి 375 మిల్లీమీటర్లు పైకి లేపాలి.

ఉద్దానం ఆడపడుచు

మా వీధిలో రెండిళ్లవాళ్లు పెంకు తిరగేసినప్పుడు ఉమ్మడి గోడని అడుగు పైకి లేపి సిమెంటు టోపీ పెట్టించారు. వాన నీరు అటువాళ్ల మీద పడుతుందని ఒక పంచాయితీ అయింది, గోడ మాత్రం ఉంది. వాసాల చివర్లు గోడలోనే ఆపి మట్టితో మెత్తారు. ఖర్చు పెద్దగా అవలేదు. పక్కవాళ్లని ఒప్పించడానికి పట్టిన టైమే ఎక్కువ.

గడ్డి సంగతి కూడా ఎవరైనా చెప్పండి. సంక్రాంతి అయ్యాక కుప్పలన్నీ ఇళ్ల వెనక పెరట్లోకే వస్తాయి. సాల పక్కన మేటు, మేటు పక్కన వంటపాక.

అగ్గి డ్యూటీ (రిటైర్డ్)

గడ్డిమేటుకి మీటర్లు కొలిచి ప్రయోజనం లేదమ్మా. గాలి ఉన్న రోజున రవ్వలు వీధి దాటి పోతాయి. ఎంత ఖాళీ వదిలినా తాటాకు కప్పు మీద పడితే అంటుకుంటుంది. అక్కడ కప్పు మార్చడమే పని. మేటు ఊరి బయట కళ్లంలో ఉంచుకుని ఇంటికి రోజూ కావలసినంత తెచ్చుకునేవాళ్లు తెలివైనవాళ్లు. వంటపాక మాత్రం మేటుకి గాలి వచ్చే వైపు ఉండకూడదు. మీ తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలి ఎటు కొడుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇళ్ల మధ్య ఎండు మట్టల దడి కడతారు చూడండి, దాని గురించి కూడా చెప్పాలి. రెండు పాకల మధ్య ఇరవై అడుగులు ఉన్నా మధ్యలో దడి ఉంటే ఆ ఇరవై అడుగులూ లేనట్టే. మంట దడి మీద నడుచుకుంటూ వస్తుంది. ఇంటికి ఆనేచోట దడి తీసేసి అంత మేరకి ఇటుకో రాయో పెట్టుకోండి.

సిమెంటు రేకులు మంటలో పేలి ముక్కలు ఎగురుతాయి, దగ్గరికి వెళ్లొద్దు. ఫైబర్ రేకులు కాలతాయి.

పలాస పిక్క

నాది చిన్న జీడి యూనిట్. మా దగ్గర ఇంకో సమస్య. పిక్క తొక్కలో నూనె ఉంటుంది, అంటుకుంటే ఒక పట్టాన ఆరదు. తొక్క గుట్టలు ప్రహరీకి ఆనించి పోస్తాం, అవతల ఇళ్లు. షెడ్డుకి ఖాళీ వదిలామని ప్లాన్‌లో చూపించాం, ఆ ఖాళీలోనే తొక్క. తాపీ అన్న చెప్పిన మంచం కథే, కాకపోతే పెద్ద సైజులో. ఇప్పుడు గుట్టలు యార్డు మధ్యకి మార్చాం. లారీకి ఎక్కించేవాళ్లు సణుగుతున్నారు.

గీతల మాస్టారు

పిక్కగారూ, మంచి పని చేశారు. ఖాళీ అంటే ప్లాన్‌లో గీసిన ఖాళీ కాదు, రోజూ ఖాళీగా ఉండే ఖాళీ. అది రాసిపెట్టే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు.

పట్నంలో ఇంకోటి చూస్తున్నా. గంటస్తంభం, ఎంజీ రోడ్డు వైపు షాపులకి ముందు భాగం అంతా ఏసీపీ షీట్లు తొడుగుతున్నారు. రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్. మామూలు రకం కొంటే ఆ ప్లాస్టిక్ కాలుతుంది. పక్కపక్క షాపులకి ఒకే షీటు కొనసాగిస్తే లోపల గోడలు ఎంత మందం ఉన్నా బయట ముఖం మీద మంట ఒక షాపు నుంచి ఇంకో షాపుకి వెళ్తుంది. అటక కథ ఇక్కడ నిలువుగా జరుగుతుంది.

వకాల్తా

కొత్తిల్లుగారికి చట్టం వైపు నుంచి. పక్కాయన కిటికీలు ఎప్పటివో తెలుసుకోండి. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు అడ్డూ అభ్యంతరం లేకుండా వెలుతురు, గాలి అనుభవించి ఉంటే ఆయనకి హక్కు పుడుతుంది. మీరు హద్దు దాకా గోడ లేపి ఆ కిటికీలు మూసేస్తే కోర్టు చుట్టూ తిరగాలి. మేస్త్రీ మాట విని ఆనించి కట్టేస్తే ఇటు మున్సిపాలిటీ నోటీసు, అటు పక్కాయన సూటు. రెండూ ఒకేసారి.

చూరు వేరు. అది మీ స్థలం మీదకి వచ్చింది. ముందు మంచిగా మాట్లాడండి. ఆయన కత్తిరించుకుంటే సరే, లేకపోతే రాతపూర్వకంగా అడగండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి వెళ్లడం ఆఖరున పెట్టుకోండి. పక్కపక్కన బతకాలి కదా.

తాపీ బ్రదర్

సరే, మీటరు వదిలే కడదాం అనుకోండి. దక్షిణం గోడకి కిటికీలు లేకపోతే గదులు చీకటి గుయ్యారం అవుతాయి. పగలు లైటేసుకుని బతకాలా?

గీతల మాస్టారు

మెట్లు, బాత్‌రూములు, బీరువా గోడలు దక్షిణం వైపు పెట్టేయండి. బెడ్‌రూములు ముందుకీ వెనక్కీ. కిటికీలు తూర్పు, పడమర. ఉత్తరం పక్క స్థలం ఇంకా ఖాళీ అయితే అటు కొన్ని పెట్టొచ్చు, కానీ రేపు అక్కడా ఇల్లు లేస్తుంది కాబట్టి పెద్దవి వద్దు. మెట్ల మీద ఆకాశం నుంచి వెలుతురు దింపండి. బాత్‌రూము వెంటిలేటర్లు పక్కాయన కిటికీలకి ఎదురుపడకుండా జరపండి, స్లాబు కింద ఎత్తులో చిన్నవి పెట్టండి. దక్షిణం మూసి ఉంటే వాస్తు చూసేవాళ్లు కూడా సంతోషిస్తారు. ఈ ఒక్క విషయంలో వాళ్లూ నేనూ ఒకటే మాట.

ఆ సందులో గ్యాస్ బండల గూడు మాత్రం పెట్టొద్దు. ఈమధ్య ప్రతి ప్లాన్‌లోనూ అదే అడుగుతున్నారు. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే గాలి ఆడని సందులో కింద పేరుకుంటుంది. ఎదురుగా పక్కాయన ఎగ్జాస్ట్ ఫ్యాన్, దాని స్విచ్చి రవ్వ చాలు అంటుకోవడానికి. బండ వెనక పెరటి వైపు, గాలి ఆడేచోట పెట్టండి. కరెంటు మీటరు బోర్డు కూడా సందులో వద్దు, ముందు గోడకి.

దాసన్నపేట కొత్తిల్లు

అందరికీ ధన్యవాదాలు. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. దక్షిణం గోడ కిటికీలు లేకుండా తొమ్మిదంగుళాలతో వెళ్తున్నాం. మెట్లు అటే. మీటరు వదులుతున్నాం. మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు గానీ, మెట్ల పైన వెలుతురు కన్నం సంగతి చెప్తే కాస్త హుషారయ్యాడు. పక్కాయనతో చూరు గురించి మాట్లాడాను. "రేకు కత్తిరిస్తే వాన గోడలోకి దిగుతుంది, నువ్వే గట్టరు పెట్టించు" అన్నారు. పెట్టిస్తే పోలేదా?

వకాల్తా

పెట్టించండి, కానీ గట్టరు ఆయన గోడకే, ఆయన హద్దులోనే ఉండాలి. ప్లాస్టిక్ వద్దు, జీఐ రేకు గట్టరు. ఇద్దరూ ఒక కాగితం రాసుకోండి.

అగ్గి డ్యూటీ (రిటైర్డ్)

గట్టరులో ఎండాకులు నిండకుండా వేసవి ముందు ఒకసారి తీయించాలి. రవ్వలు పడేది అందులోనే.

నాగావళి గట్టు

ఆలస్యంగా వచ్చాను, కొంచెం పక్క విషయం. శ్రీకాకుళంలో మా కుర్రాళ్లు ఈసారి దీపావళి మందుల దుకాణం పెడతామంటున్నారు. గ్రౌండులో షాపుల మధ్య ఇంత దూరం అని ఏదో ఉందట కదా?

అగ్గి డ్యూటీ (రిటైర్డ్)

ఉంది. ఈ చర్చలో చెప్పుకున్న మన దేశపు నిబంధనల్లో ఒక్క మంట కోసమే పెట్టిన దూరం అదే. 2008 పేలుడు పదార్థాల నిబంధనల్లో 84వ నిబంధన. తాత్కాలిక షెడ్డు కాలని సరుకుతో ఉండాలి, అంటే గుడ్డ పందిరి, తాటాకు కుదరదు. షెడ్డుకీ షెడ్డుకీ కనీసం 3 మీటర్లు. ఇళ్లు లాంటివాటికి 50 మీటర్లు. ఒకదానికొకటి ఎదురెదురుగా పెట్టకూడదు. ఒకచోట 50 షాపులు దాటకూడదు. నూనె దీపాలు, గ్యాసు దీపాలు వద్దు. కరెంటు బల్బులు వేలాడదీయకుండా గోడకో కప్పుకో బిగించాలి.

నాగావళి గట్టు

ఎదురెదురుగా వద్దంటే, వీపుకి వీపు ఆనించి రెండు వరసలు పెట్టొచ్చా? జాగా కలిసొస్తుంది.

అగ్గి డ్యూటీ (రిటైర్డ్)

కుదరదు. ముఖం ఎటున్నా మధ్యలో 3 మీటర్లు ఉండాలి. ఆ 3 మీటర్లలో ఖాళీ అట్టపెట్టెలు కూడా పడేయొద్దని కుర్రాళ్లకి చెప్పండి.